పక్క గది లింకు

"పందిట్లో చూసినా ట్యాబులో చూసినా చూసేది ఒకటేగా. దీనికి పొద్దున్నుంచి ఈ పంచాయితీ ఏంది?" అని పార్వతి మూడోసారి అంది.

"చూసేదాని గురించి కాదత్తమ్మా. చిన్నత్త పేరు ఏ వరసలో రాయాల్నో చెప్పండి, అంతే," అంది కోడలు లక్ష్మీప్రసన్న. భోజనాల బల్ల మీద ఒక పక్క ఆమె లాప్‌టాప్, ఇంకో పక్క సగం తిని మూత పెట్టిన ఉగ్గాని గిన్నె ఉన్నాయి. "ఇటు వరస మన పందిట్లో కూర్చునేవాళ్లు. యాభై ఎనిమిది మంది. అటు వరస లింకులో వచ్చేవాళ్లు. ముప్పై మంది. ప్రతి మనిషీ ఏదో ఒక వరసలో ఉండాల. రెండింట్లోనూ లేని మనిషి ఉండకూడదు."

"ఇంట్లో మనిషికి వరసేంది తల్లీ," అన్నాడు మామ నాగేశ్వర్లు, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. విత్తనాల దుకాణం తెరిచే వేళ దాటిపోతోంది. ఆయన భార్య వైపూ చూడలేదు, కోడలి వైపూ చూడలేదు. గడియారం వైపు చూశాడు. "ఏదో ఒకటి రాయి."

"ఏదో ఒకటంటే ఏది మామయ్యా?"

"రెండోదే రాయి. ఆయన చెప్పలేక చెప్తాండాడు," అంది పార్వతి. "పిల్లకు తాంబూలాలు ఇచ్చే చోట..." అని ఆపేసింది. వంటింటి గడప మీద కూర్చున్న ఆడబిడ్డ శ్రీశైలమ్మ వింటుందని ఆపలేదు. ఆ మాటలో మిగిలిన సగం ఈ ఇంట్లో అందరికీ తెలిసిందే గనక ఆపింది.

శ్రీశైలమ్మ వింటూనే ఉంది. తడిగుడ్డతో తమలపాకు ఈ పక్కా ఆ పక్కా తుడిచి, తొడిమలన్నీ ఒకే వైపు వచ్చేట్టు పళ్లెంలో పేరుస్తోంది. అన్న చెప్పులు వేసుకునే చప్పుడు కాగానే పళ్లెం ఎత్తుకుని తలుపు చాటుకు జరిగింది. స్కూటరు వీధి మలుపు తిరిగిందాకా అక్కడే నిలబడి, మళ్లీ వచ్చి గడప మీద కూర్చుంది. ఎవరూ చెప్పి చేయించేది కాదు. ఇరవై రెండేళ్లుగా బయటికి పోయే మగవాళ్లకు ఎదురుపడకుండా కాళ్లే అలా జరిగిపోతాయి.

లక్ష్మీప్రసన్న లాప్‌టాప్ మూసి వచ్చి పక్కన చతికిలబడింది. ఆ పిల్ల పెళ్లయి వచ్చినప్పటి నుంచీ మేడ మీద గదిలో కూర్చుని హైదరాబాదు కంపెనీకి పని చేస్తుంది. డాక్టర్ల సభలూ కంపెనీల మీటింగులూ సగం హాల్లో, సగం తెరల మీద జరిపించడం ఆమె పని. ఈసారి అది ఇంట్లోకే వచ్చింది. ఆడబిడ్డ కృష్ణకుమారి నిశ్చితార్థానికి పెళ్లికొడుకు అక్క పుణె నుంచి రాలేదు, బాలింత. అతని అవ్వ కనిగిరిలో కాలిరిగి మంచంలో ఉంది.

"నిన్ను లింకులోనే రాసినా చిన్నత్తా. కోపమా?"

"కోపమెందుకే? ఇంతకు ముందయితే కిటికీ సందులోంచి చూసేదాన్ని. ఎవురన్నా అడ్డమొస్తే వాళ్ల వీపే కనపడేది."

"ఇప్పుడు ఎవురూ అడ్డం రారు. మా కెమెరాలు రెండు." లక్ష్మీప్రసన్న ముఖం తేటపడింది. రెండు రోజులు ఆలోచించి తను కనిపెట్టిన ఉపాయం అది. "ఇట్ల సగం మంది ఎదురుగా, సగం మంది తెరలో ఉండేదాన్ని హైబ్రిడ్ అంటారు."

"హైబ్రిడ్ అంటే మీ మామ అమ్మే కందులు గదా!"

"అదే మాటలే. రెండు రకాలు కలిపితే హైబ్రిడ్డే. ఇంక ఎన్నింటికి ఏం జరగాల, ఏది ఎవురు చేయాల అని రాసుకునేది రన్ షీటు."

"మా అమ్మ వంటింటి గోడ మీద బొగ్గుతో రాసేది. దానికింత పేరుందని తెలీదు పాపం."

"ఎవుర్ని లోపలికి రానీయాల, ఎవురు మాట్లాడాల, ఎవురి నోరు మూయాల అని చూసే మనిషి హోస్టు."

"అది మీ అత్తమ్మ," అంది శ్రీశైలమ్మ గొంతు తగ్గించి. ఇద్దరూ నవ్వారు. లోపల నుంచి "ఏందంత నవ్వు?" అని పార్వతి కేక వేసింది.

"నువ్వు మాత్రం మ్యూటులో ఉంటావు చిన్నత్తా. కెమెరా కూడా నేనే మూసి పెడతా. నువ్వు అందర్నీ చూస్తావు. నిన్ను ఎవురూ చూడరు."

శ్రీశైలమ్మ తల ఊపింది. అందులో ఆమెకు కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ కనిపించలేదు.

సంచుల్లో రెండు అరటిపళ్లు, ఆకులు, వక్కలు, రవికగుడ్డ పెట్టి ఆమె ఒక్కొక్కటీ పక్కకు జరుపుతోంది. పార్వతి వచ్చి స్టూలు మీద కూర్చుని పసుపు కుంకుమ పొట్లాలు అందులో వేస్తోంది. పొట్లాలు కట్టింది పార్వతే, వేసేదీ పార్వతే. ఆ పళ్లెం శ్రీశైలమ్మ చేతికి అందేంత దగ్గర్లోనే ఉంది. ఆ చెయ్యి అటు పోలేదు.

*

మర్నాడు మధ్యాహ్నం మోషే ఆటోలో తెర పలకలు దించుకొచ్చాడు. మార్కాపురంలో ఏ ఫంక్షనుకైనా కెమెరా అతనిదే. పందిట్లో పలకలన్నీ ఒకదాని పక్కన ఒకటి బిగిస్తే ద్వారబంధం కంటే ఎత్తయిన గోడ తయారైంది. తీగలు వాకిట్లోంచి, వసారాలోంచి పాకుతూ పోయాయి.

"టెక్ రిహార్సల్ చిన్నత్తా! నీ సీట్లో కూర్చో," అని లక్ష్మీప్రసన్న కేక వేసింది.

ఆ సీటు వెనక గదిలో ఉంది. కింద నల్ల పలకరాయి పరిచిన పాత గది, ఎండాకాలం కూడా పాదాలకు చల్లగా తగులుతుంది. గోనెసంచుల వాసన, ఎండుమిరపకాయల వాసన. పైన వెంటిలేటరులోంచి ఒక్క వెలుగు చార వచ్చి రాయి మీద పడి, అక్కడే చాలాసేపు ఉండిపోతుంది. బియ్యం డబ్బాకు ట్యాబు ఆనించి, దాని ముందు పీట వేసి ఉంది.

మోషే సన్నాయి పాట పెట్టాడు. గోడ అవతల నుంచి అది ముందు వచ్చింది. నాలుగు ఊపిర్లు తీసేంత సేపటికి ట్యాబులోంచి మళ్లీ మొదలైంది, సన్నగా, దూరపు ఊరి పెళ్లిలా. శ్రీశైలమ్మ గోడ వైపు చూసింది, ట్యాబు వైపు చూసింది. అవతల కుమారి దేనికో పకపకా నవ్వింది. ఆ నవ్వు విని, చెంపకు చెయ్యి ఆనించుకుని ఎదురు చూస్తే, అప్పుడు తెరలో కుమారి కుర్చీలో కూర్చుని, ఇంకా నవ్వకుండా, ఎవరి మాటో వింటూ కనిపించింది. తర్వాత నవ్వింది.

"ఇదేందే ప్రసన్నా, నవ్వు ముందొచ్చి పిల్ల తర్వాత వస్తాంది?"

"దాన్ని లాగ్ అంటారు. ఇక్కడ నెట్ అంతే. పైనెక్కడికో పోయి దిగి వస్తాది గదా."

"ఎక్కడికి పోతాది?"

"ఎక్కడికో. సముద్రాలు దాటి కూడా పోతాది."

ఆ మాట శ్రీశైలమ్మకు బాగా నచ్చింది. లక్ష్మీప్రసన్న వెళ్లిపోయాక కూడా చాలాసేపు అలాగే కూర్చుంది. ఇరవై అడుగుల దూరంలో కుమారి ఎత్తిన చెయ్యి నల్లమల దాటి, సముద్రాలు దాటి, ఎవరెవరి ఇళ్ల మీదుగానో తిరిగి ఈ గదికి వస్తోంది. ఇప్పుడు లేచి ఆ తలుపులోంచి నడిచిపోతే, తెరలో ఇంకా జరగని దానికి తను ముందే చేరుకుంటుంది. కుమారి నవ్వక ముందే నవ్వే కుమారి దగ్గరికి. ఆ లెక్క ఎటు తిప్పి చూసినా విచిత్రంగానే ఉంది. వెలుగు చార పలకరాయి మీద నుంచి ఆమె పాదం మీదికి పాకింది.

"అత్తా, కనపడినానా?" కుమారి గుమ్మంలో నిలబడింది. ఈసారి గొంతూ మనిషీ కలిసే వచ్చారు.

"కనపడినావు. ఆ చీరకు జాకెట్టు చెయ్యి వదులుగా ఉండాది, కుట్టిస్తా విప్పి ఇయ్యి."

"రేపు బయటికి వచ్చి కూర్చో అత్తా. ఎవురేమంటారో నేను చూస్తా."

"మీ అమ్మ అంటాది."

"అమ్మకు నేను చెప్తా."

"వద్దు. మీ అమ్మ భయపడితే ఆ భయం నీ మొగంలోకి వస్తాది. రేపు నువ్వు తేటగా కూర్చోవాల." శ్రీశైలమ్మ కొంగు ముడి విప్పి, మళ్లీ ముడి వేసుకుంది. "ఇక్కడ నా గిన్నెలో నాకు అక్షింతలు పెట్టుకున్నాలే. పెద్దోళ్లు వేసేటప్పుడు నేనూ వేస్తా."

"ట్యాబు మీదా?"

"నవ్వకు. నీ తల ఎంతుందో నాకు తెలీదా, గురి చూసి వేస్తా."

కుమారి నవ్వలేదు. వచ్చి వంగి, అత్త భుజం మీద గడ్డం ఆనించి కాసేపు అలాగే ఉంది. నడక రాని రోజుల్లో కూడా ఆ పిల్ల గడ్డం అక్కడే ఆనించేది.

*

తాంబూలాల ముహూర్తం పదింబావుకు. తొమ్మిదిన్నరకే శ్రీశైలమ్మ తలంటుకుని, ముదురాకుపచ్చ చీర కట్టుకుని పీట మీద కూర్చుంది. లక్ష్మీప్రసన్న పరుగున వచ్చి లింకు తెరిచి, కెమెరా, మైకు రెండూ మూసి, "ఏమీ ముట్టుకోవద్దు చిన్నత్తా. పది దాకా బయట తెర ఆపే ఉంటాది, కంగారు పడొద్దు," అని చెప్పి పరుగునే వెళ్లింది.

ట్యాబులో ఒక్క గడిలోనే మనిషి ఉంది. దిండ్లకు ఆనుకుని, కళ్లద్దాలు ముక్కు చివరికి జారిన ముసలావిడ. వెనక ఫ్యాను తిరుగుతోంది. కింద పేరు సుశీలమ్మ, కనిగిరి. పెళ్లికొడుకు అవ్వ.

"ఎవురమ్మా అది? పేరుండాది గానీ మొగం లేదే," అంది ఆవిడ.

శ్రీశైలమ్మ పీట మీద వెనక్కి జరిగింది.

"నిన్నే. శ్రీశైలమ్మా! కింద ఎడం పక్క రెండు బొమ్మలుంటాయి చూడు, గీత కొట్టేసి. ఆ రెండింటి మీదా ఒక్కో పోటు పొడువు. రెండు నెల్లుగా మంచంలో ఉండి దీంతోనే కాపరం చేస్తాండా, నాకు రానిది లేదు. పొడువు."

శ్రీశైలమ్మ గుమ్మం వైపు చూసింది. ఎవరూ లేరు. పెద్దావిడ అడుగుతుంటే పలకకపోవడం మర్యాద కాదు. వేలు చీర చెంగుకు తుడుచుకుని ఒకటి నొక్కింది, ఇంకొకటి నొక్కింది. సుశీలమ్మ పక్కన ఇంకో గడి తెరుచుకుంది. అందులో ఎవరో వంగి చూస్తున్నారు. అది తనే అని తెలియగానే ఆమె చప్పున కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. గడిలో మనిషి కూడా పెట్టుకుంది.

"సిగ్గేంది, తీయి. ఆఁ, ఇప్పుడు బాగుండాది. ఎవురు నువ్వు?"

"పెండ్లికూతురు మేనత్తను పెద్దమ్మా."

"ఓ, అట్లనా! ఏ ఊళ్లో ఉంటావు?"

"మార్కాపురమే."

"ఫంక్షను జరిగేది మార్కాపురమేగా?"

"ఔ."

"మరి పోలేదా?"

శ్రీశైలమ్మకు అబద్ధం చెప్పడానికి ఏ ఊరి పేరూ నోటికి రాలేదు.

"పక్క గదిలోనే ఉండా పెద్దమ్మా," అంది.

"పక్క గదిలో ఉండి దీంట్లో చూసేదేంది? నా మాదిరి కాలిరిగిందా?"

"లేదు."

"జొరమా?"

"లేదు పెద్దమ్మా." ఆమె అక్షింతల గిన్నెను ఒక బెత్తెడు పక్కకు జరిపింది. "మా ఆయన లేడు."

సుశీలమ్మ కళ్లద్దాలు తీసి, దుప్పటి అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. అంతలో గోడ అవతల నుంచి ఒక ఆడగొంతు వినిపించింది. చాలా పెద్దగా, పందిరి గుంజలు అదిరేట్టు.

"లేదు పెద్దమ్మా. మా ఆయన లేడు."

ఎవరిదో తెలిసిన గొంతు అనుకుంది శ్రీశైలమ్మ. కలలో మనల్ని ఎవరో పిలిస్తే పలకాలా వద్దా అని ఆగినట్టు ఆగింది. తర్వాతే తెలిసింది, అది తన గొంతు. పందిట్లో కుర్చీలు జరిగే చప్పుడు లేదు, పిల్లల ఏడుపు లేదు. యాభై ఎనిమిది మంది ఊరుకున్నారు. తన ముఖం ఆ గోడంత ఎత్తున అక్కడ ఉంది. ఆమె ట్యాబు వైపు తిరిగింది. తెరలో తన కళ్లు మేలుకుని ఉన్నాయి.

"నా మొగుడు పోయి పన్నెండేండ్లు," అంటోంది సుశీలమ్మ, ఇదేమీ తెలియకుండా. "నా మొగం పెట్టొద్దని ఎవురూ అనలేదే. మా మనవడు రోజూ ఫోను చేసి, అవ్వా నువ్వు కనపడాల, కనపడాల అంటాండాడు. మంచంలో ఉన్నదాన్ని తెర మీద పెట్టినారు. కాళ్లున్నదాన్ని గదిలో పెట్టినారు. ఏం మనుషులమ్మా మీరు?"

నాలుగు ఊపిర్ల తర్వాత గోడ కూడా ఆ మాటే అంది. "ఏం మనుషులమ్మా మీరు?"

"మోషే, ఆపు! తెర ఆపు!" అని పార్వతి కొడుకు సాయినాథ్ అరుపు. "మైకు చూసుకుందామని పెట్టినా అన్నా, ఇప్పుడే..." అని మోషే గొంతు. అదీ తెగిపోయింది.

పార్వతి గదిలోకి వచ్చింది. ట్యాబు ఆపేసి డబ్బా మీద బోర్లా వేసింది. "ఎంత పని చేసినావు శ్రీశైలం. మొగాన్ని పందిరంత చేసి చూపించినావు. ముహూర్తానికి ముందు, మగపెండ్లివాళ్ల ముందర, పిల్ల ముందర..." కోపంగానే మొదలుపెట్టింది గానీ చివరికి ఏడుపు గొంతు అయింది. కళ్లు ఒత్తుకుని, కొంగు సర్దుకుని, నవ్వు ముఖం పెట్టుకుని బయటికి వెళ్లింది.

శ్రీశైలమ్మ ట్యాబు తిప్పలేదు. పంతులు గొంతు వచ్చింది. గోత్రాలు చదివాడు. సన్నాయి మొదలైంది. ఆమె గుప్పెడు అక్షింతలు తీసుకుని లేచి నిలబడింది. ఇప్పుడు కుమారి తల వంచి ఉంటుంది. ఇప్పుడు వేస్తున్నారు. సన్నాయి జోరందుకుని, ఒక్కసారే వచ్చి, ఒక్కసారే అయిపోయింది. రెండో సారి ఎక్కడి నుంచీ రాలేదు. గదిలో ఎటు వేయాలో తెలియక గుప్పిలి మూసుకునే ఉంది. తర్వాత ఎప్పుడో తెరిస్తే గింజలు చెమటకు అరచేతిలో అంటుకుపోయి, చెయ్యంతా పసుపు అయింది.

తలుపుకు గడియ లేదు. ఎవరూ పెట్టలేదు. తాంబూలాలు ముగిసే దాకా ఆమె ఆ తలుపునే చూస్తూ నిలబడింది.

భోజనాలయ్యాక పెళ్లికొడుకు తల్లి చెయ్యి కడుక్కునే నెపంతో వంటింట్లోకి వచ్చింది. పెరుగు గిన్నెలు సర్దుతున్న శ్రీశైలమ్మ పక్కన నిలబడి, "మా అత్త ఫోనులో చెప్పమనింది వదినా," అంది. "పెండ్లినాటికి కాలు కుదిరితే నీ పక్కన కూర్చుంటాదంట. కుదరకపోతే గూడా ఎత్తుకొచ్చి అయినా కూర్చోబెట్టమంటాంది. ఆమెతో వేగలేం." నవ్వి, ఒక గరిటె పెరుగు గిన్నెలోకి వంచి, వెళ్లిపోయింది.

*

మర్నాడు ఆదివారం. దుకాణం తొమ్మిది దాకా తెరిచేది లేదు. పార్వతి పొద్దున్నే వెనక గదికి వచ్చి, మిగిలిన అరటిపళ్లు వేరు చేస్తున్నట్టు ఒక్కో పండూ తిప్పి తిప్పి చూసింది.

"నిన్న గట్టిగా అన్నా," అంది చివరికి.

"అన్నావులే వదినా."

"నాకు నీ మీద కోపం కాదు శ్రీశైలం. నాకు భయం. కుమారికేమన్నా అయితే, నేను ఆ పొద్దు ఒప్పుకోకపోతే బాగుండు అనుకుంటా జీవితమంతా."

"నాకు మాత్రం భయం లేదా? నా మొగం చూస్తే నాకే భయం. నిన్న ట్యాబులో కనపడితే కొంగు అడ్డం పెట్టుకున్నా." శ్రీశైలమ్మ ఆమె చేతిలోంచి మాగిన పండు తీసుకుని పక్కన పెట్టింది. "ఆయమ్మ తీయమనింది, తీసినా. చూస్తే ఏముండాది? ముసిల్దాన్నయినా. ఎడం పక్క పన్ను ఊడింది. అంతే ఉండాది వదినా ఆ మొగంలో. ఇంకేం లేదు."

ఇద్దరూ ఒకే గెల మీద చేతులు పెట్టి కాసేపు ఉన్నారు.

కాఫీలప్పుడు లక్ష్మీప్రసన్న లాప్‌టాప్ తెరిచింది. పెళ్లి ఇరవై రోజుల్లో, కల్యాణ మండపంలో. ఆమె రాత్రి సరిగా నిద్రపోయినట్టు లేదు. "ముందు ఒక మాట. నిన్నటి తప్పు మోషేది కాదు. చిన్నత్తదీ కాదు. ఆ వరసలో పేరు రాసింది నేను. మంచి పని చేస్తాండానని రాసినా." ఎవరి వైపూ చూడకుండా చెప్పింది.

"సరేలే తల్లీ, అయిపోయింది," అన్నాడు నాగేశ్వర్లు. గ్లాసు కింద పెట్టి చెల్లెలి వైపు తిరిగాడు. రాత్రంతా ఆలోచించి తెచ్చిన మాటలా జాగ్రత్తగా చెప్పాడు. "పెండ్లికి నువ్వు మండపంలోనే ఉండమ్మా. ఆఖరి వరసలో స్తంభం పక్కన మంచి కుర్చీ వేపిస్తా. నిన్ను ఎవురూ ఏమీ అనరు."

సాయినాథ్ "అదీ" అన్నట్టు తల ఊపాడు. కుమారి అత్త వైపు చూసింది. శ్రీశైలమ్మ కాఫీ గ్లాసులు పళ్లెంలోకి ఎత్తుతోంది.

లక్ష్మీప్రసన్న రన్ షీటు చదవడం మొదలుపెట్టింది. పూలు, సాయినాథ్. టిఫిన్లు, మామయ్య. తెర, మోషే. ఒక్కొక్కదానికి ఎదురుగా పేరు వేస్తూ వెళ్లి ఒక చోట ఆగింది. "గేటు దగ్గర పన్నీరు చల్లి, గంధం పూసి, వచ్చిన వాళ్లను లోపలికి పిలిచేది. ఇది ఎవురు?"

"మా చెల్లెల్ని అడగాల," అంది పార్వతి. "పామూరు నుంచి అది దిగేసరికే తొమ్మిదవుతాది."

"గిద్దలూరు నుంచి మగపెండ్లివాళ్ల బస్సు ఏడుకే వస్తాది గదమ్మా," అన్నాడు సాయినాథ్.

"నేను నిలబడతా," అంది శ్రీశైలమ్మ.

పప్పు ఎన్ని శేర్లు పోయాలో చెప్పినట్టు చెప్పింది. చేతిలో పళ్లెం బల్ల మీద పెట్టి, అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూసింది.

"స్తంభం పక్కన వద్దు, అన్నా. గేటు కాడ నేనుంటా. గిద్దలూరు బస్సు దిగిన వాళ్లందరికీ మొదలు నా మొగమే కనపడాల. పన్నీరు నేనే చల్లుతా, గంధం నేనే పూస్తా. మీలో ఎవురికన్నా ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి. ఆ పొద్దు చెప్పొద్దు."

ఎవరూ చెప్పలేదు. నాగేశ్వర్లు గడియారం వైపు చూడబోయి చూడలేదు. కుమారి భుజం మీద ఉన్న పార్వతి చెయ్యి బిగుసుకుంది గానీ, అడ్డం చెప్పడానికి లేవలేదు.

లక్ష్మీప్రసన్న చిన్నత్త పేరు టైపు చేసింది. ఆ గడి పక్కనే ఇంకో ఖాళీ గడి ఉంది.

"ఎన్నింటికి రాయాల చిన్నత్తా?"

"ఆరుకు రాయి," అంది శ్రీశైలమ్మ. "ఆరు కంటే ముందే పోతా గానీ, నువ్వు ఆరుకే రాయి."